అంగన్‌వాడీకి తాళం వేయొచ్చా?

2020 మార్చిలో బడులతోపాటు అంగన్‌వాడీలకూ తాళాలు పడ్డాయి. పదో తరగతి పరీక్షలు ఏమవుతాయని టీవీల్లో నెలల తరబడి చర్చలు నడిచాయి. ఆన్‌లైన్ క్లాసుల మీద, కాలేజీ ఫీజుల మీద పత్రికలు పేజీలు నింపాయి. మూడేళ్ల పిల్ల ఆ రోజుల్లో ఎక్కడుంది, ఏం తింది, ఎవరితో ఆడుకుంది అని అడిగినవాళ్లు తక్కువ. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలై కరోనా నాటికి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55,607 కేంద్రాలుగా పెరిగింది. అంత పెద్ద వ్యవస్థ పిల్లల ముందు తలుపు మూసుకుంటే, అది సరైన పనేనా అన్న చర్చ ఊళ్లలో జరిగింది గానీ కాగితం మీదకు పెద్దగా రాలేదు. మరో మహమ్మారి వచ్చేలోపు ఆ చర్చ తేలాలన్నది నా పట్టుదల.

ఈ సంవాదంలో మాట్లాడేది అక్కాతమ్ముళ్లు. అక్క నరసరావుపేటకు దగ్గర్లో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. తమ్ముడు ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు. సెంటరు మూయడమే సరైందని వాదించేది అక్క. మూసి ఉంచకూడదని వాదించేది తమ్ముడు. అంగన్‌వాడీ టీచరు కాబట్టి సెంటరు తెరవాలనే అంటుందని ఎవరైనా అనుకుంటే, ఆ ఉద్యోగం ఎలాంటిదో వాళ్లకు తెలియదని అర్థం.

తమ్ముడు: అక్కా, 2020 మే 4న మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. నీ సెంటరుకి పిల్లలు మళ్లీ రావడానికి ఎన్నాళ్లు పట్టిందో నీకు తెలుసు. దుకాణానికి ఉన్న తొందర మూడేళ్ల పిల్లకి లేదా?

అక్క: ఆ పోలిక నాకు నచ్చదురా. దుకాణం ముందు నిలబడేవాడు పెద్దవాడు. సున్నంతో గీత గీసి, ఇక్కడే నిలబడు అని చెప్పొచ్చు. నా దగ్గరికొచ్చేవాడు మూడేళ్లవాడు. ఏడిస్తే ఎత్తుకోవాలి. ముక్కు కారితే తుడవాలి. చెడ్డీ తడిస్తే మార్చాలి. అన్నం కలిపి నోట్లో పెట్టాలి. ఆరడుగుల దూరం పాటించమన్న మాట నా పనిలో ఎక్కడ ఇముడుతుంది? నా సెంటరు చూశావుగా. అద్దె గది. ఇటు పదడుగులు, అటు పన్నెండు. ఒకటే కిటికీ. ఓ మూల గ్యాసు స్టవ్వు, బియ్యం బస్తా, గుడ్ల అట్టలు. మిగిలిన చోట ఇరవైమందికి పైగా పిల్లలు. మా ఆయాకి షుగరు. పిల్లల్ని దింపి తీసుకెళ్లేది చాలావరకు నాయనమ్మలు, అమ్మమ్మలు. ఆ ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేటలో రోజూ కేసులు, వీధివీధికీ కర్రలు అడ్డం కట్టారు. గాలాడని ఆ గదిలోకి పిల్లల్ని పంపమని నేను ఏ తల్లినీ అడగలేను.

తమ్ముడు: ఏప్రిల్, మే గురించి నాకు పేచీ లేదు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. ఆ తర్వాతి సంగతి అడుగుతున్నా. సెప్టెంబరు 7న రాష్ట్ర ప్రభుత్వం సంపూర్ణ పోషణ పథకం మొదలుపెట్టింది. ఏడాదికి 1,863 కోట్ల ఖర్చు, 30 లక్షలకు పైగా తల్లులు, పిల్లలు. 77 గిరిజన మండలాల్లో ఇంకొంచెం ఎక్కువ తిండి. అంటే ఏం ఆగినా ఈ పిల్లల తిండి ఆగకూడదని ప్రభుత్వానికి తెలుసు. తెలిసి కూడా తిండిని గుమ్మం దాకా పంపి అక్కడితో ఆగింది.

అక్క: ఆ గుమ్మం దాకా తిండిని మోసిందెవరు? నేనూ ఆయానూ. పాల పాకెట్లు, గుడ్లు, బియ్యం, కందిపప్పు, చిన్నపిల్లలకు బాలామృతం. ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం. పనుల్లేని రోజుల్లో ఆ సరుకే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకు.

తమ్ముడు: తక్కువ చేయను. ఒక్కటి చెప్పు. నువ్విచ్చిన గుడ్లు ఎవరు తిన్నారు?

అక్క: ఇంట్లోవాళ్లందరూ తిన్నారు. అబద్ధం ఎందుకు చెబుతాను? గుడ్లు ఇచ్చిన నాడు రాత్రి కూర గుడ్ల పులుసే. నలుగురుంటే నాలుగు గుడ్లు, ఆరుగురుంటే ఆరు. పొలం పోయే మగవాడికి ముందు వడ్డిస్తారు. పిల్లకి అరగుడ్డు పెడతారు, అదీ కారం కడిగి. నెలకు సరిపడా ఇచ్చినవి వారంలో అయిపోతాయి. బాలామృతం కూడా అంతే. రెండున్నర కేజీల పాకెట్టు ఏడాదిన్నర పిల్లకి నెలంతా రావాలి. అందులో గోధుమపిండి, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె ఉంటాయి, తియ్యగా ఉంటుంది. ఆరేళ్ల అన్న, ఎనిమిదేళ్ల అక్క చేయి పెట్టకుండా ఎలా ఉంటారు? కానీ తమ్ముడూ, ఆ ఎనిమిదేళ్ల పిల్ల ఆకలి మాత్రం ఆకలి కాదా? ఇంట్లో అందరూ పస్తున్నప్పుడు ఒక్క బిడ్డ వంతు మాత్రం పక్కన పెట్టి తినిపించమని ఏ తల్లికి చెబుతావు?

తమ్ముడు: తల్లిని తప్పుబట్టడం లేదు. ఆ తల్లికి ఇలాంటి పరీక్ష పెట్టకూడదు అంటున్నా. సెంటర్లో పిల్ల నీ ఎదురుగా కూర్చుని తింటుంది. తినకపోతే నువ్వు చూస్తావు, ఎందుకు తినలేదో అడుగుతావు. ఆ గుడ్డు మీద ఇంకెవరి చేయీ పడదు. ఇంటికెళ్లిన గుడ్డు ఇంటిదవుతుంది, సెంటర్లో పెట్టిన గుడ్డు పిల్లదవుతుంది. పెద్దవాళ్ల ఆకలికి రేషను పెంచండి, ఉపాధి పని చూపించండి. ఐదేళ్లలోపు పిల్ల కంచంలోంచి తీసి ఇల్లంతా సర్దుకునే పరిస్థితి తేకూడదు. కరోనాకు ముందు, 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. తెలంగాణలో 33.1 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు. అప్పటికే అలా ఉన్న పిల్లల మీద ఈ మూత పడింది.

(ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఎత్తు తగ్గడం అంటే పొట్టిగా పుట్టడం కాదు. కడుపులో ఉన్నప్పటి నుంచి మొదటి రెండేళ్లలో తిండి చాలక, మాటిమాటికీ విరేచనాలు, జ్వరాలు వచ్చి ఎముక సాగకపోవడం. ఆ వయసులో పోగొట్టుకున్నదాన్ని తర్వాత రాబట్టడం చాలా కష్టం. ఈ లెక్కను తమ్ముడు తిండి వాదనకు మాత్రమే వాడాడు. అది బరువు తూచే పనికి కూడా వర్తిస్తుంది. అక్క దాన్ని తానే ఎత్తింది.)

అక్క: తిండి కన్నా నన్ను బాధపెట్టింది వేరే ఉంది. నెలనెలా పిల్లల బరువు తూస్తాం కదా, అది ఆగింది. అందరినీ ఒకే ఉయ్యాల త్రాసులో వేయాలి, అందరినీ ఒకే బల్ల మీద పడుకోబెట్టి ఎత్తు కొలవాలి. ముట్టుకోకుండా కుదరదు. జబ్బకు చుట్టి కొలిచే టేపు ఉంటుంది. పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎర్ర గీత. ఆ బిడ్డను ఆసుపత్రికి పంపాల్సిందే. అలాంటి బిడ్డ పైకి మామూలుగానే కనబడుతుంది. తల్లికి తెలియదు, రోజూ చూసే కన్ను కాబట్టి. కొలిస్తేనే తెలుస్తుంది. ఆ నెలల్లో నేను గుమ్మం బయట నిలబడి సరుకు ఇచ్చి, పిల్ల బాగుందా అని అడిగేదాన్ని. బాగుంది అనేవాళ్లు. నేను రాసుకునేదాన్ని.

తమ్ముడు: మరి ఇంకా మూయడమే సరైందంటావా?

అక్క: అంటాను. బాధ వేరు, నిర్ణయం వేరు. నువ్వు చెప్పే నష్టం నెమ్మదిగా కనబడేది. గదిలో వైరస్ పాకితే పదిరోజుల్లో కనబడేది. ఒక నాయనమ్మ పోతే ఊరు నన్నే చూపిస్తుంది. సరే, తిండి సంగతి అయింది, చదువు సంగతికి రా. నీ దగ్గర ఏవో లెక్కలున్నాయిగా.

తమ్ముడు: ఉన్నాయి. అసర్ సర్వే. పల్లెటూళ్లలో ఇళ్లకు వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం. 2022కి 10.3 శాతం. తెలంగాణలో 18.1 నుంచి 5.2కి పడింది. నా తరగతిలో చూశాను. అక్షరాలు వచ్చు, కలిపి చదవడం రాదు. కొందరికి పుస్తకం ఏ వైపు నుంచి తిప్పాలో కూడా తెలియదు.

అక్క: ఆగు. 2022లో మూడో తరగతి అంటే ఎనిమిదేళ్ల పిల్ల. 2020 జూన్‌లో ఆ పిల్ల ఒకటో తరగతిలో చేరాలి. అంటే నా సెంటర్లో చదవాల్సింది అప్పటికే దాదాపు పూర్తయింది. ఆ పిల్ల పోగొట్టుకుంది ఒకటీ రెండూ తరగతులు. అవి మీ బడివి. ఆ పది శాతాన్ని నా సెంటరు ఖాతాలో వేయకు. నా సెంటరు నిజంగా పోగొట్టుకున్న పిల్లలు 2020లో నాలుగేళ్లవాళ్లు. వాళ్లు మూడో తరగతికి వచ్చింది 2024లో. అప్పటి అసర్‌లో దేశం మొత్తం మీద ఎంత వచ్చింది?

తమ్ముడు: 27.1.

అక్క: 2018లో?

తమ్ముడు: 27.3. మధ్యలో, 2022లో 20.5.

అక్క: చూశావా. నా సెంటరు లేకుండా పెరిగిన పిల్లలు, బడి సరిగ్గా నడిచాక పాత మెట్టుకే వచ్చారు. చదువుకు ఆ వయసులో పడిన గండి పూడుతుంది. నాలుగేళ్ల పిల్లకి అక్షరాలు ఏడాది ఆలస్యమైతే కొంపలేమీ మునగవు. అందుకే ప్రాణం ముందు, పలక తర్వాత అంటున్నాను.

(అక్క లెక్క సరైనదే. అంగన్‌వాడీ మూతకు రుజువుగా 2022 అసర్ లెక్కలు చూపించేవాళ్లు ఏ పిల్లలు ఏ ఏడాది ఏ తరగతిలో ఉన్నారో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. అయితే దేశం సగటు బాగుపడితే ప్రతి ఊరూ బాగుపడినట్టు కాదు. ఆ మాట అనకుండా తమ్ముడు చదువు వాదనను అక్కడితో వదిలేశాడు. నాకు అది మెచ్చదగిన పనిగా తోచింది.)

తమ్ముడు: సరే, అక్షరాల సంగతి నీకే వదిలేస్తా. నిజానికి నీ సెంటర్లో అక్షరాలు చిన్న భాగమే. ఇప్పుడు పని సంగతి మాట్లాడదాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ఊళ్లకు మిరపకోతలకు ఎవరొస్తారు?

అక్క: కర్నూలు జిల్లా వాళ్లు. ఆదోని, మంత్రాలయం వైపు నుంచి. ట్రాక్టర్లెక్కి పిల్లాజెల్లాతో వస్తారు. చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని ఉంటారు.

తమ్ముడు: 2020 మార్చిలో వాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయారు. బస్సులు లేవు, రైళ్లు లేవు, పోలీసులు పోనివ్వరు. వాళ్ల పిల్లలకి నువ్వు తిండి ఇచ్చావా?

అక్క: మొదట్లో లేదు. నా రిజిస్టర్లో పేర్లు లేవు. వాళ్ల పేర్లు అక్కడి సెంటర్లో ఉన్నాయి. అక్కడ సరుకు ఎవరి పేరున వచ్చిందో, ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు. తర్వాత సూపర్‌వైజరు చెప్పాక కొందరికి ఇచ్చాను. వలస వచ్చిన వాళ్లకు కూడా ఇవ్వాలని మాకు చెప్పిన నియమమే. కానీ ఇండెంటు పెట్టేది రిజిస్టరు చూసి. పేరు లేని పిల్లకు గుడ్డు రాదు.

తమ్ముడు: సెంటరు తెరిచి ఉంటే ఆ పిల్లలు ఏం చేసేవాళ్లు? పక్క పిల్లల వెంట నడిచి వచ్చి కూర్చునేవాళ్లు. వచ్చిన పిల్లను నువ్వు పేరు లేదని లేపేదానివా?

అక్క: ఎలా లేపుతాను? కూర్చున్నవాళ్లకు పెట్టడమే. కొంచెం నీళ్లు ఎక్కువ పోస్తే పప్పు సరిపోతుంది.

తమ్ముడు: మరి ఇంటింటికీ పంచేటప్పుడు ఆ వెసులుబాటు పోయింది. ఇల్లు లేని పిల్లకు ఇంటికి సరుకు ఎలా వెళ్తుంది? లాక్‌డౌన్ సడలించాక తల్లులు మళ్లీ కూలికి పోయారు. సెంటరు లేదు. రెండేళ్ల పిల్లను ఎక్కడ పెట్టాలి? పురుగు మందు కొట్టిన మిరపచేలో, గట్టు మీద. లేదంటే ఇంట్లో పదేళ్ల అక్కకు అప్పజెప్పి. నా బడి తెరిచాక కూడా రాని ఆడపిల్లలు ఉన్నారక్కా. ఇంటికెళ్లి అడిగితే చంకలో తమ్ముడితో బయటకొచ్చారు. సెంటరు మూస్తే నష్టం ఆరేళ్లలోపు పిల్లలతో ఆగలేదు. తల్లి కూలీ, అక్క చదువు రెండూ దానికి ముడిపడి ఉన్నాయి.

అక్క: ఇది ఒప్పుకుంటాను. మా సెంటర్ని అందరూ పప్పన్నం పెట్టే చోటుగానే చూస్తారు. తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా తల్లి ధైర్యంగా పనికి పోగలిగేది దానివల్లేనని ఎవరూ రాయరు.

ఫోను పాఠాల సంగతి వాళ్లిద్దరూ రెండు మాటల్లో ముగించారు, నేనూ అంతే ముగిస్తాను. 2020 జులైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలే ప్రీప్రైమరీ పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు వద్దని, తల్లిదండ్రులతో అరగంటకు మించకుండా మాట్లాడితే చాలని అన్నాయి. పాటలు, బొమ్మల వీడియోలు వాట్సాప్‌లో పంపారు. స్మార్ట్‌ఫోను ఉన్న ఇంట్లో కూడా అది తండ్రి జేబులో పొలం వెళ్తుంది.

తమ్ముడు: ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తా. నువ్వు వైరస్ పాకుతుందని సెంటరు మూయమన్నావు. ఆ నెలల్లో నువ్వు ఏం చేశావు?

అక్క: సెంటరు మూశారు గానీ నన్ను మూయలేదు. సర్వేకి పంపారు. ఏ ఇంట్లో జ్వరం, ఏ ఇంటికి హైదరాబాదు నుంచి మనిషి వచ్చాడు, ఎవరికి దగ్గు. ఆశా కార్యకర్త, నేను, గ్రామ వాలంటీరు కలిసి తిరిగాం. మొదట్లో మాస్కు కూడా నా చీర చెంగే. కొన్ని ఇళ్లవాళ్లు మా ముఖం మీదే తలుపేశారు, మేమే జబ్బు మోసుకొస్తున్నామని. ఇదంతా నెలకు పదకొండువేల ఐదువందలకి. ఆయాకి ఏడువేలు. అందులో కేంద్రం నిర్ణయించింది నాకు నాలుగువేల ఐదువందలు, దాని పేరు కూడా జీతం కాదు, గౌరవ వేతనం. నువ్వు ఆ నెలల్లో ఇంట్లో ఉన్నావు. తప్పని అనను, బడి లేదు కాబట్టి ఉన్నావు. కానీ సెంటరు తెరవాల్సిందని నువ్వు అంటే నాకు మండుతుంది. తెరిస్తే ఆ గదిలో కూర్చునేది నువ్వు కాదు.

తమ్ముడు: ఆ కోపం న్యాయమే. కానీ నువ్వు చెప్పినదాంట్లోనే నా వాదన ఉంది. నిన్ను ఊళ్లో ఇళ్లన్నీ తిప్పారు. ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి, జ్వరం ఉన్న ఇంటి నుంచి లేని ఇంటికి. అది సురక్షితమా? ఎనిమిదిమంది పిల్లలతో రామాలయం పక్కన వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చోవడం దానికన్నా ప్రమాదమా? భయం నిజమైతే నిన్ను తిప్పకూడదు. నిన్ను తిప్పగలిగారంటే పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టే దారి కూడా వెతకొచ్చు. వెతకలేదు.

అక్క: చెట్టు కిందా?

తమ్ముడు: నువ్వు ట్రైనింగులో తారాబాయి మోడక్ పేరు వినలేదా? మహారాష్ట్రలో బోర్డి అనే ఊళ్లో 1945లో పల్లె పిల్లల కోసం పని మొదలుపెట్టింది. పిల్లలు బాలవాడికి రాకపోతే ఆమె బాలవాడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లింది. తర్వాత కోస్బాడ్ కొండల్లో ఆదివాసీ పిల్లలు పశువులు కాస్తుంటే ఆ పచ్చిక బయళ్లలోనే బడి పెట్టింది. 1962లో ఆమెకు పద్మభూషణ్ వచ్చింది. మన అంగన్‌వాడీ పుట్టిందే వాకిట్లో. గదిలోకి మనం తర్వాత తెచ్చుకున్నాం. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న మొదట తెరిచిన వాటిలో శిశు సంరక్షణ కేంద్రాలున్నాయి. చిన్న గుంపులు, వీలైనంత ఆరుబయట. స్వీడన్ అసలు మూయనే లేదు. 2021 జనవరిలో ఇంగ్లండ్ మళ్లీ లాక్‌డౌన్ పెట్టి బడులు మూసినప్పుడు కూడా నర్సరీలు నడిపింది.

అక్క: ఆ దేశాల్లో నలుగురైదుగురు చిన్నపిల్లలకు ఒక పెద్ద మనిషి ఉంటుంది. వేడినీళ్లు, సబ్బు, బాత్రూములు ఉంటాయి. నాకు కుళాయి కూడా పక్కింటిది. చెట్టు కింద అన్నావు, మన పల్నాడు ఎండలు తెలియనట్టు. వాన వస్తే? పాము వస్తే? పిల్ల రోడ్డు మీదకు పరిగెత్తితే? ఇద్దరం ఆడవాళ్లం ఎంతమందిని చూస్తాం?

తమ్ముడు: అందుకే ఇరవైమందినీ ఒకేసారి వద్దంటున్నా. వీధికో జట్టు. ఒక జట్టు సోమ, బుధ, శుక్ర. ఇంకోటి మిగతా రోజులు. పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు అన్నం పెట్టి పంపెయ్యి. బడి మూసి ఉందిగా, బడి వరండా వాడుకో. పెద్ద వరండా, పంచాయతీ కుళాయి ఉంది. నా బడి తాళాలు నా దగ్గరే ఉన్నాయి, అడిగినవాళ్లు లేరు. బరువు తూచడం కూడా జట్టుకో రోజు పెట్టుకుంటే ఆగేది కాదు.

అక్క: మరి 2021 ఏప్రిల్? ఆక్సిజన్ దొరక్క జనం పోయిన నెల. మీ టీచర్లే ఎందరు పోయారో నీకు తెలుసు. అప్పుడు కూడా వరండాలో కూర్చోబెట్టేవాడివా?

తమ్ముడు: లేదు. ఆ వారాల్లో మూసేవాణ్ణి. ఊళ్లో జబ్బు ఎక్కువైనప్పుడు ఆ ఊళ్లో, ఆ కొద్ది వారాలు మూయాలి. జబ్బు తగ్గగానే మొట్టమొదట తెరవాల్సింది దీన్నే. సుప్రీంకోర్టు 2021 జనవరి 13న చెప్పిందీ దాదాపు ఇదే. కంటైన్‌మెంట్ జోన్లకు బయట ఉన్న అంగన్‌వాడీలు తెరవడం మీద జనవరి 31 లోపు రాష్ట్రాలు నిర్ణయం తీసుకోవాలంది. తెరవకూడదనుకుంటే విపత్తు నిర్వహణ సంస్థను సంప్రదించకుండా కుదరదంది. టీకా కూడా మీకు ముందే వచ్చింది. జనవరి 16న డాక్టర్లు, నర్సులతోపాటు మొదటి వరుసలో ఐసీడీఎస్ సిబ్బంది పేరు ఉంది. మా వరుస ఆ తర్వాతే.

అక్క: టీకా వచ్చింది నిజమే. ఆ సూదికి భయపడనివాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా చెప్పు.

తమ్ముడు: ఇంకో సంగతి. 2021 జులై 20న, రక్తంలో యాంటీబాడీలు చూసే ఐసీఎంఆర్ నాలుగో సీరో సర్వే వచ్చింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి పోయింది. బడులు చాలావరకు మూసి ఉన్న రోజుల్లోనే. అంటే తాళం దాన్ని ఆపలేదు. ముందు ప్రాథమిక బడులు తెరవడం మంచిదని ఐసీఎంఆర్ అధిపతే ఆ రోజు చెప్పారు. మన దేశంలో చాలాచోట్ల పెద్ద తరగతుల నుంచి కిందికి తెరుచుకుంటూ వచ్చాం. పరీక్షలున్నవాళ్లు ముందు, పరీక్షల్లేనివాళ్లు చివర.

అక్క: ఆ సర్వేలో ఆరేళ్లలోపు పిల్లలు లేరు. నా పిల్లల్ని అక్కడా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక నేను చెప్పేది విను. నీ వాదనలో నిజం ఉంది. బరువు తూచడం ఆగకూడదు, అది ఒప్పుకుంటున్నా. చిన్న జట్లు, వరండా, రెండు గంటలు, ఇవీ కుదురుతాయేమో. కానీ ఆ రోజుల్లో సెంటరు తెరవమని నాకు పైనుంచి కాగితం వచ్చి ఉంటే, ఆ కాగితం కింద నేను సంతకం పెట్టాల్సి ఉండేది. పిల్లకు జ్వరం వస్తే ఎవరిని అడుగుతారు? నన్ను. నేను పడకేస్తే నా బిడ్డలకు ఎవరు దిక్కు? ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారు? ఈ మాటలకు జవాబు రాసి, చేతికి మాస్కు, సబ్బు, నీళ్లు ఇచ్చి, ఇంకో మనిషిని తోడు ఇచ్చి అప్పుడు తెరవమను. జవాబు లేకుండా తెరవమంటే మళ్లీ మూయాలనే అంటాను. ఇప్పటికీ అదే నా మాట.

తమ్ముడు దీనికి ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదని నా ఉద్దేశం. సెంటరు తెరవాలన్న అతని వాదన పక్షానే నేను నిలబడతాను. ఆరేళ్లలోపు పిల్ల ఎదుగుదలను వాయిదా వేయలేం, ఇంటికి పంపిన గుడ్డు పిల్ల కడుపులోకి చేరుతుందన్న హామీ లేదు, తూచని బిడ్డ బలహీనత ఎవరికీ కనబడదు. అయితే అక్క అడిగినవి లేకుండా ఆ వాదన పక్షాన నిలబడే హక్కు నాకు గానీ, ఏ అధికారికి గానీ లేదు. ఏడువేల జీతం తీసుకునే ఆయా ప్రాణాన్ని పణంగా పెట్టి పిల్లల్ని కాపాడాలని చట్టం రాయలేం.

అవన్నీ జబ్బు లేని రోజుల్లోనే సిద్ధం చేసుకోవాలి. మీ ఊళ్లో ఈసారి గ్రామసభ జరిగినప్పుడు సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని నిలబెట్టి అడగండి. రేపు మళ్లీ మహమ్మారి వస్తే మన అంగన్‌వాడీ పిల్లలు ఏ వరండాలో కూర్చుంటారు? చేతులు కడిగే నీళ్లు ఎక్కడివి? టీచరుకు, ఆయాకు బీమా ఉందా? వాళ్లకు తోడు వచ్చే మూడో మనిషి ఎవరు? వలస కూలీల పిల్లల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, కింద సంతకం చేయించండి.